మైనము – బంగారము

కంసాలి బంగారు బొమ్మను పోతపోయదలచినపుడు మొదట మైనముతో ఆ బొమ్మను మలచును. దానిపై మెత్తని బంకమన్ను పూసి, ఆరనిచ్చి, నిప్పులపై కాల్చును. లోపలి మైనము కరగి వెలికిపోవును. ఆ ఖాళీలో కరగిన బంగారమును పోసి, చల్లారిన పిదప మట్టిని పగులగొట్టినచో లోపల మెరయుచున్న బొమ్మ కనబడును. మైనము పోయినది, బంగారము నిలిచినది.

ఆఫ్రికా ఖండమునందలి ఇథియోపియా దేశీయులు ఈ కంసాలిపని నుండి ఒక కవితామర్యాదను గ్రహించిరి. వారి కవులు చెప్పు పద్యమునకు పైకి ఒక అర్థముండును. లోపల వేరొక అర్థము దాగియుండును. పై అర్థమును వారు మైనమందురు. లోపలి అర్థమును బంగారమందురు. ఈ రీతికి వారి భాషలో 'సెమ్ నా వర్క్' అని పేరు. ఒకే పద్యమున రామకథను, భారతకథను కూడ నడపిన పింగళి సూరన 'రాఘవపాండవీయము'ను గూర్చి వినిన తెలుగువారికి ఈ రీతి కొత్తగా తోపదు. మైనమును చూచి అంతటితో తృప్తిపడువాడు మంచి శ్రోత కాడని ఇథియోపియనుల తలంపు.

ఈ మాట కవిత్వమునకే కాక ఆ దేశమునకంతకును వర్తించును. 1983 మొదలు 1985 వరకు అచ్చట ఘోరమైన క్షామము వచ్చెను. వానలు లేకపోవుట, అంతర్యుద్ధము, ఆనాటి ప్రభుత్వపు విధానములు కలిసి లక్షలకొలది జనులను బలిగొన్నవి. ఎముకలగూడులైన పసిబిడ్డల చిత్రములు లోకమంతటను వ్యాపించినవి. అది మొదలుగా ఇథియోపియా అనగా ఆకలియే అని తలచుట పెక్కుమందికి అలవాటయ్యెను. ఆ ఆకలి నిజమే. కాని ఒక జాతి చరిత్రలో ఒక దుర్దినమును మాత్రమే చూచి, ఆ జాతినంతటిని అదియే అనుకొనుట న్యాయము కాదు. ఆ దేశీయులు ఏమి తిందురో, ఎట్లు తిందురో, ఏమి పాడుదురో, ఏమి చెక్కుదురో తెలిసికొనినగాని వారిని ఎరిగినట్లు కాదు.

ఇథియోపియా ఆఫ్రికా ఖండమునకు ఈశాన్యమున నున్నది. దేశపు నడుమ ఎత్తైన పీఠభూములును, లోతైన లోయలును కలవు. నైలునదికి నీరిచ్చు ప్రధాన శాఖయగు నీలి నైలు అచ్చటి తానా సరస్సునుండియే బయలుదేరును. రాజధాని పేరు అద్దిస్ అబాబా. ఆ పేరునకు 'కొత్త పువ్వు' అని అర్థము. పదికోట్లకు మించిన జనులు, ఎనుబదికి పైగా భాషలు ఆ దేశమున కలవు. క్రీస్తుశకము 4వ శతాబ్దమున ఎజానా అను రాజు కాలమున క్రైస్తవము అచ్చటి రాజమతమయ్యెను. 7వ శతాబ్దమునుండి ముస్లిములును ఆ నేలపై నివసించుచున్నారు. ఐరోపా రాజ్యములు ఆఫ్రికాను పంచుకొనుచున్న కాలమున, 1896లో, రెండవ మెనెలిక్ చక్రవర్తి సేనలు అద్వా యుద్ధమున ఇటలీ సేనలను ఓడించినవి. తరువాత 1936 మొదలు 1941 వరకు ఇటలీ ఆ దేశమును ఆక్రమించినను, దాని స్వాతంత్ర్యమును శాశ్వతముగా హరింపజాలకపోయెను.

ఆ దేశీయుల లిపి మన విద్యార్థులకు ఆశ్చర్యమును, సంతోషమును కూడ కలిగించును. గీజ్ అను ప్రాచీన భాషనుండి వచ్చిన ఆ లిపిలో ఒక్కొక్క హల్లునకు ఏడేసి రూపములుండును. మనము క, కా, కి, కీ అని గుణింతము చెప్పుకొనునట్లే వారి పిల్లలును ఒక్కొక్క అక్షరమును ఏడు విధముల పలికి నేర్చుకొందురు. వారి సంవత్సరమునకు పదుమూడు నెలలు: ముప్పదేసి దినముల నెలలు పండ్రెండు, అయిదు లేక ఆరు దినముల చిన్న నెల ఒకటి. కాలమును వారు తెల్లవారుట మొదలుకొని లెక్కింతురు. మన గడియారము ఉదయము ఏడు గంటలు చూపునపుడు వారు ఒంటిగంట అందురు. సూర్యోదయము మొదలు గడియలు లెక్కించిన మన పూర్వులకు ఈ లెక్క సులభముగా తెలిసియుండును.

ఇక వారి భోజనమును గూర్చి తెలిసికొందము. ఇథియోపియాలో తెఫ్ అను ధాన్యము పండును. దాని గింజ గసగసాలవలె మిక్కిలి చిన్నది; ఒక గ్రాము తూచవలెనన్న రెండు మూడువేల గింజలు కావలెను. చేతినుండి జారిపడినచో వెదకినను దొరకదు. అయినను ఈ అల్పమైన గింజయే కోట్లమందికి ముఖ్యాహారము. తెఫ్ పిండిని నీటితో కలిపి, రెండు మూడు దినములు పులియబెట్టుదురు. పులియుటకై పూర్వపు పిండిపై తేరిన పసుపుపచ్చని నీటిని కొంచెము చేర్చుదురు. దానిని ఎర్షో అందురు. మన ఇండ్లలో పాలు తోడువేయుటకు నిన్నటి పెరుగు ఎట్టిదో, వారికి ఎర్షో అట్టిది. పులిసిన పిండిని మితాద్ అను వెడల్పాటి మట్టి పెనముపై అంచునుండి నడుమకు చుట్టలు చుట్టలుగా పోసి మూత పెట్టుదురు. దోసెవలె దీనిని తిరుగవేయరు. ఆవిరితో ఉడుకుచుండగా పైభాగమున వందలకొలది చిన్న రంధ్రములు ఏర్పడును. వానిని వారు కన్నులని పిలుతురు. కన్నులు చక్కగా విచ్చుకొన్ననే ఇల్లాలి నేర్పు తెలియును. దాదాపు రెండడుగుల వెడల్పు గల ఈ పుల్లని మెత్తని రొట్టెయే ఇంజెరా.

ఇంజెరాతో తిను కూరలకు వొత్ అని పేరు. సన్నగా తరిగిన ఉల్లిపాయలను మొదట నూనె లేకుండనే సన్నని సెగపై చాలసేపు వేయింతురు. పిదప బెర్బెరే అను కారపు పొడిని, సుగంధద్రవ్యములతో కాచిన నేతిని చేర్చుదురు. బెర్బెరేలో మిరపకాయలతోబాటు అల్లము, వెల్లుల్లి, మెంతులు మొదలగునవి ఉండును. కోడిమాంసమును, ఉడికించిన గ్రుడ్లను వేసి చేయు దోరో వొత్ పండుగనాటి వంటకము. అయితే అచ్చటి సనాతన క్రైస్తవులు బుధ శుక్రవారములందును, పెక్కు పర్వకాలములందును వ్రతము పూని మాంసము, పాలు, గ్రుడ్లు విడుతురు. ఇట్టి వ్రతదినములు ఏడాదిలో సగము వరకును ఉండును. అందుచేత ఎఱ్ఱ కందిపప్పువంటి మిసిర్ పప్పుతోను, శనగపిండితోను, ఆకుకూరలతోను చేయు వంటలు వారికి అనేకములు. ఈ వ్రతమువలననే వారి శాకపాకములు అంతగా వృద్ధిపొందినవి. దేశపు దక్షిణభాగమున అరటిచెట్టును పోలిన ఎన్సెట్ అను మొక్క కలదు. దాని పండును తినరు. మట్టలయందును దుంపయందును గల పిండిపదార్థమును గోతిలో పూడ్చి పులియబెట్టి రొట్టె చేయుదురు. వానలు తప్పిన ఏట కూడ ఈ మొక్క నిలిచియుండును గనుక, అది పెరటిలోని ధాన్యపుకొట్టు వంటిది.

వండుట ఎట్లో తెలిసినది. తినుట ఎట్లో తెలిసినగాని దాని బంగారము బయటపడదు. ఇంటిల్లిపాదియు మెసోబ్ అను ఎత్తైన అల్లికబుట్ట చుట్టును కూర్చుందురు. చిన్నవారు పెద్దల చేతులపై నీరు పోయుదురు. బుట్టపై ఒక పెద్ద ఇంజెరా పరచి, దానిమీద కూరలను కుప్పలుగా వడ్డింతురు. వేరువేరు కంచములు లేవు. అందరును కుడిచేతితో తమ ముందరి రొట్టెముక్కను త్రుంచి, దానితో కూరను అందుకొందురు. నడుమ ఒకరు ముద్దచేసి ప్రక్కవారి నోటికి అందింతురు. దీనిని గుర్షా అందురు. మన తల్లులు బిడ్డలకు తినిపించు గోరుముద్ద వంటిదే ఇది. కాని వారిలో పెద్దలును పెద్దలకు, ఇంటివారు అతిథికి ఇట్లే పెట్టుదురు. ముద్ద ఎంత పెద్దదైన ప్రేమ అంత గొప్పదని భావము. ఒకే పళ్లెమున తినువారు ఒకరినొకరు వంచింపరాదని వారి నమ్మకము. పైకి అది రొట్టె. లోపల అది మాటయిచ్చుట.

కాఫీని గూర్చి చెప్పక ఇథియోపియా వృత్తాంతము ముగియదు. నేడు లోకమంతటను త్రాగు అరబికా జాతి కాఫీ మొక్క ఆ దేశపు నైరృతిదిక్కున నున్న అడవులలో పుట్టినది. కాల్ది అను మేకల కాపరి, ఎఱ్ఱని పండ్లు తిని మేకలు గంతులు వేయుట చూచి దీనిని కనుగొనెనని ఒక కట్టుకథ కలదు. కథ ఎట్లున్నను, కాఫీని గౌరవించు పద్ధతి మాత్రము వారికి సాటిలేనిది. ఇల్లాలు నేలపై పచ్చగడ్డి పరచి, సాంబ్రాణి వేసి, పచ్చి గింజలను కడిగి పెనముపై వేయించును. పొగలు వెడలుచుండగా పెనమును అతిథుల ముందు త్రిప్పును. వారు ఆ పరిమళమును చేతితో తమవైపునకు త్రిప్పుకొని మెచ్చుకొందురు. పిదప గింజలను రోటిలో దంచి, జెబెనా అను పొడవాటి మెడగల మట్టికూజాలో కాచి, పిడిలేని చిన్న గిన్నెలలో పోసి ఇచ్చును. ఒక గిన్నెతో లేచిపోవుట మర్యాద కాదు. మొదటి విడతకు అబోల్, రెండవదానికి తోనా, మూడవదానికి బరకా అని పేర్లు. బరకా అనగా దీవెన. ఈ మూడు విడతలు ముగియుటకు గంటకు పైగా పట్టును. ఆ వేళలో ఇరుగుపొరుగువారు కష్టసుఖములు చెప్పుకొందురు; తగవులు తీర్చుకొందురు; పెండ్లిమాటలు మాటలాడుకొందురు. త్రాగునది కాఫీ, కలియునది మనస్సులు.

కళలయందును ఇదే రీతి కానవచ్చును. దేశపు ఉత్తరభాగమున లాలిబెలా అను ఊరిలో పదునొకండు ఆలయములు ఒక్కొక్కటిగా కొండరాతిని తొలిచి నిర్మింపబడినవి. ఇవి 12, 13 శతాబ్దములనాటివని, లాలిబెలా అను రాజు చెక్కించెనని ప్రసిద్ధి. వానిలో సెయింట్ జార్జి ఆలయము పైనుండి చూచువారికి సిలువ ఆకారమున కనబడును. ఎల్లోరాలోని కైలాసాలయమువలె శిల్పులు దీనిని పైకప్పునుండి మొదలిడి క్రిందికి చెక్కుచు వచ్చిరి. ఇటుక తప్పిపోయినచో మరల పేర్చవచ్చును. ఏకశిలలో ఒక ఉలిదెబ్బ తప్పినచో దిద్దుకొనుటకు వీలులేదు. ఇట్టి పనికి ఎంతటి ఏకాగ్రత, ఎంతటి ముందుచూపు కావలెనో ఊహింపవచ్చును. ఈ ఆలయములు చూచిపోవు శిథిలములు కావు. నేటికిని పండుగదినములందు తెల్లని వస్త్రములు ధరించిన వేలకొలది యాత్రికులు అచ్చట చేరి ప్రార్థింతురు.

వారి ఆలయచిత్రములలో కన్నులు పెద్దవిగా ఉండును. పుణ్యాత్ములను ఎదురుముఖముతో, రెండు కన్నులతో చిత్రింతురు. దుర్మార్గులను ప్రక్కముఖముతో, ఒకే కన్ను కనబడునట్లు వ్రాయుదురు. చదువురానివాడు కూడ గోడపై కథను చూచి మంచివాడెవడో, చెడ్డవాడెవడో తెలిసికొనగలడు. గోందర్ నగరమున నొక ఆలయపు పైకప్పునిండ దేవదూతల ముఖములు వరుసలుగా చిత్రింపబడి, నలుదెసలకును చూచుచుండును. ఆధునిక కాలమున అఫెవెర్క్ తెక్లె అను చిత్రకారుడు ఈ సంప్రదాయమును కొత్త పుంతలు త్రొక్కించెను. అద్దిస్ అబాబాలోని ఆఫ్రికా భవనమున ఆయన రూపొందించిన రంగుటద్దముల చిత్రములు ఆఫ్రికా ఖండపు బాధను, మేల్కొనుటను, ఆశను తెలుపును. 1963లో ఆఫ్రికా రాజ్యములు పెక్కు చేరి ఐక్యతాసంస్థను స్థాపించినది ఆ నగరముననే.

తూర్పున హరార్ అను ప్రాకారనగరము కలదు. అది ముస్లిముల విద్యాస్థానము. అచ్చటి స్త్రీలు రంగురంగుల గడ్డితో అల్లు బుట్టలు ఇండ్లగోడలకు అలంకారములు. పంటకై చేసిన బుట్టయే గోడపై చిత్రమగును. దక్షిణమున దోర్జె జాతివారు నేతపనికి ప్రసిద్ధులు. అచ్చట నూలు వడకుట స్త్రీల పని. నేయుట పురుషుల పని. వారు నేసిన తెల్లని వస్త్రములకు అంచున రంగుల నేత ఉండును. ఆ అంచును తిబెబ్ అందురు. ఆ మాటకే జ్ఞానమనియు, కళయనియు అర్థములు కలవు.

సంగీతమున వారికి అయిదు స్వరముల వరుసలు ముఖ్యములు. వానిలో తిజితా అనునది మిక్కిలి ప్రియమైనది. ఆ మాటకు జ్ఞాపకమని అర్థము. దాని ఒక రూపము మన మోహనరాగపు స్వరములతోనే నడచును. మోహనము వినిన చెవికి అది పరాయిపాటగా తోపదు. క్రార్ అను తంత్రీవాద్యము, వాషింత్ అను పిల్లనగ్రోవి, కెబెరో అను మద్దెల, గుఱ్ఱపు వెండ్రుకలతో చేసిన ఒంటితంత్రి గల మసింకో వారి వాద్యములలో ముఖ్యములు. మసింకో వాయించుచు పాడు గాయకులను అజ్మారీలందురు. వీరు సభలోనివారిని చూచి అప్పటికప్పుడే పాట కట్టుదురు. ధనికుని పొగడినట్లే యుండును. లోపల అతని పిసినారితనము బయటపడును. రాజును నుతించినట్లే యుండును. లోపల ప్రజల మొర వినబడును. మైనము–బంగారము అను రీతి ఈ విధముగా బలహీనుని చేతిలో ఆయుధమును అయ్యెను.

ఇథియోపియాకును మన దేశమునకును గల సంబంధము నేటిది కాదు. రాగులు తూర్పు ఆఫ్రికా ఎత్తుభూములలో పుట్టి, ప్రాచీనకాలముననే మన దేశమునకు వచ్చినవని వృక్షశాస్త్రజ్ఞులు చెప్పుదురు. అరకులోయలో కొండవాలులను పసుపుపచ్చగా మార్చు వలిసెలు కూడ ఇథియోపియా నూనెగింజలే. ఆ లోయలోనే పండు అరబికా కాఫీ పుట్టిల్లును అదే. అరబ్బులు ఆ దేశమును హబష్ అనిరి. దానినుండియే మన దేశమున హబ్షీ అను మాట పుట్టినది. అచ్చట జన్మించి, బానిసగా అమ్ముడుపోయి, దక్కనుకు చేరిన మాలిక్ అంబర్ అహమ్మదునగర రాజ్యమునకు మంత్రియై, మొగలు సేనలను చిరకాలము ఎదిరించి, 1626లో మరణించెను. హైదరాబాదులోని ఏ.సి. గార్డ్స్ అను పేట నిజాము కొలువున నుండిన ఆఫ్రికా అశ్వదళము పేరును నేటికిని మోయుచున్నది.

ఒక సంబంధము మాత్రము దుఃఖకరమైనది. 1868లో బ్రిటిషువారు బొంబాయి నుండి సేనను నడపి, తెవోద్రోస్ చక్రవర్తి కోటయగు మక్దలాను పట్టుకొనిరి. ఆ సేనలో భారతీయ సైనికులును, భారతదేశపు ఏనుగులును ఉండెను. చక్రవర్తి లొంగుటకు ఇష్టపడక ప్రాణము తీసికొనెను. కోటలోని కిరీటములు, సిలువలు, తోలుపత్రములపై వ్రాసిన గ్రంథములు కొల్లపోయినవి. వానిని మోయుటకు పదునైదు ఏనుగులు, దాదాపు రెండువందల కంచరగాడిదలు అవసరమయ్యెను. ఆ గ్రంథములలో వందలకొలది నేటికిని లండను గ్రంథాలయమున నున్నవి. వానిని తిరిగి ఇండని ఇథియోపియనులు కోరుచున్నారు. 1937లో ఇటలీవారు అక్సుమ్ నగరమునుండి సుమారు 24 మీటర్ల ఎత్తుగల ప్రాచీన శిలాస్తంభమును ముక్కలుగా రోముకు కొనిపోయిరి. అది 2005లో స్వదేశమునకు చేరి, 2008లో మరల నిలువబడెను. తెఫ్ పిండిపైన సయితము ఐరోపాలోని ఒక సంస్థ తనకు స్వంతమైన హక్కు పొందెను. 2018లో నెదర్లాండ్సు న్యాయస్థానము ఆ హక్కు చెల్లదని తీర్పు చెప్పెను. గాయములు మాన్చు పసుపుగుణముపై అమెరికాలో ఇచ్చిన హక్కును భారతదేశము 1997లో రద్దు చేయించిన విషయమును ఇచ్చట స్మరింపవచ్చును.

రాతిస్తంభమును ఓడలో ఎక్కింపవచ్చును. గ్రంథములను ఏనుగులపై మోయింపవచ్చును. వానిని పోగొట్టుకొనిన జాతికి కలిగిన నష్టము చిన్నది కాదు. వానిని కోరుట దాని హక్కు. కాని ఒక్క ధనమును మాత్రము ఏ సేనయు కొల్లగొట్టజాలకపోయెను. ఇల్లాలు ఇంజెరాపిండి ముగియకముందే కొంచెము ఎర్షోను కుండలో మిగిల్చి దాచును. ఒకవేళ అది అయిపోయినచో పొరుగింటికి పోయి అడిగి తెచ్చుకొనును. నిన్నటి పిండి నేటి పిండిని పులియజేయును; నేటిది రేపటిదానిని పులియజేయును. ఇట్లు కుండనుండి కుండకు, ఇంటినుండి ఇంటికి, తల్లినుండి కూతునకు ఆ పులుపు అందివచ్చుచునే యున్నది. యుద్ధములు వచ్చినవి, క్షామములు వచ్చినవి, రాజ్యములు మారినవి; పళ్లెము చుట్టును కూర్చుండి ప్రక్కవారి నోటికి ముద్ద అందించు చేయి మాత్రము మారలేదు. ఇథియోపియా పేరు వినినపుడు స్మరింపవలసిన బంగారము అదియే.